రంగునీళ్ళ గంగమ్మ

మేము పిల్లలుగా ఉన్న ఆ రోజుల్లో వింతలే మా ఊరికి నడిచి వచ్చేవి తప్ప, వింతల్ని వెతుక్కుంటూ మేము ఎక్కడికీ పోయేవాళ్ళం కాదు. గంగిరెద్దు వచ్చేది, తోలుబొమ్మలవాళ్ళు వచ్చేవాళ్ళు, కోతిని ఆడించేవాడు వచ్చేవాడు. ఒకసారి ఎవరిదో కారు మా ఊరి బయట చెడిపోయి నిలబడితే, బడికి బడే దాన్ని చూడటానికి తరలిపోయింది (అయ్యవారు అందరికంటే ముందు). అందుకే, టిక్కెట్టు కొని లోపలికి పోయి ఆశ్చర్యపోవడానికని ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుందని మా మామ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆశ్చర్యాన్ని కూడా అమ్ముతారా అనిపించింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. అనంతపురంలో ఒక నూనె మిల్లులో గుమాస్తా. ప్యాంటు వేసేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ని టౌనుమామ అనేది, ఆయనకంటే పెద్దవాళ్ళతో సహా. ఆ ఏడు వానలు మళ్ళీ మొహం చాటేశాయి. రాప్తాడు దాటి లోపలికి పోతే వచ్చే మా పల్లెలో బావులన్నీ ఒకటి తర్వాత ఒకటి అడుగు చూపించాయి. మాది అన్నిటికంటే చివర ఎండింది, అంతకుమించి దాని గొప్పేమీ లేదు. ఇంకొక మట్టు తవ్వితే నీళ్ళు పడతాయని మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒకటే పట్టు. (మా వైపు బావి లోతును మట్టులతో కొలుస్తారు, మట్టంటే సుమారు ఒక మనిషెత్తు.) నాయనకు ఆశ చచ్చిపోయింది. అదే సమయంలో మామ మిల్లులో కాపలా పని ఒకటి ఖాళీ అయింది. ఎద్దుల్ని అమ్మేసి, భూమిని బీడు పెట్టి, కాపురం టౌనుకు మార్చమని మామ నాయన చెవిలో జోరీగలాగా పోరుతున్నాడు. "నేను రాను. నన్ను ఆ బావిలో ఏసి పోండి, నీళ్ళు లేవు కాబట్టి మునిగేది కూడా లేదు" అంది అవ్వ. "మీరెట్లంటే అట్ల" అంది అమ్మ. నాయన రెండు వైపులా తల ఊపి ఏ వైపూ తేల్చలేదు. అప్పుడు మామ వేసిన ఎత్తే ఈ ఎగ్జిబిషన్. "అనంతపురంలో ఎగ్జిబిషన్ పెట్టినారు బావా. అత్తను, పాపను పిలుచుకొని ఒకసారి వచ్చి టౌనెట్లుంటాదో చూడండి. ఆ పొద్దు సాయంత్రానికి రావల్లనో వద్దో చెప్పండి, మల్ల నేను నోరెత్తను" అన్నాడు.

నన్నెవరూ అడగలేదు గానీ, అడిగితే నేను ఎప్పుడో మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఎందుకంటే టౌనన్నా ఎగ్జిబిషనన్నా ఒకటే అని నా లెక్క. మేము టౌనుకు మారితే రంగులరాట్నం పక్కన ఇల్లు తీసుకోవాలని, పొద్దున లేస్తూనే ఒక చుట్టు తిరిగి బడికి పోవాలని మనసులోనే ఏర్పాట్లు చేసేసుకున్నాను. ఎనుములకు మేత వేసి పాలు పితకాలి కాబట్టి అమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. నాయన, అవ్వ, నేను జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, బెల్లం ముక్క మూటగట్టుకుని బస్సెక్కాము. అవ్వ నడుముకు వక్కాకు తిత్తి వేలాడుతోంది. అది లేకుండా ఆమె పక్కింటికి కూడా పోదు.

ఎగ్జిబిషన్ లోపలికి అడుగుపెట్టగానే టౌనుమామ పెళ్ళిపెద్దలాగా ముందు నడవడం మొదలుపెట్టాడు. మొదట నవ్వుల అద్దాల గది. ఒక అద్దంలో నాయన పొట్టిగా లావుగా, టౌనులో కాపలా పని దొరికి బాగా తిన్నవాడిలాగా కనిపించాడు. "చూసినావా బావా, ఈడికొస్తే ఇట్లయితావు" అన్నాడు మామ. ఆ పక్క అద్దంలో మామ సన్నగా పొడుగ్గా చిక్కిపోయి కనిపించాడు. "నువ్వు ఈడికొచ్చి ఎన్నేండ్లయిందప్పా" అని అడిగింది అవ్వ, ఆ అద్దాన్నే చూస్తూ. మామ మమ్మల్ని తొందరగా బయటికి లాక్కొచ్చాడు.

తర్వాత ఎగ్జిబిషన్ మొత్తానికి పేరు తెచ్చిన వింత: చెక్కల బావిలో మోటారుసైకిలు. పైకెక్కి గట్టు మీది నుంచి తొంగి చూడాలి. లోపల ఒకతను గోడల మీద గుండ్రంగా తిరుగుతుంటే చెక్కలన్నీ దడదడలాడాయి, జనం ఊపిరి బిగబట్టారు. నేను చేతులతో కళ్ళు మూసుకుని, వేళ్ళ సందులోంచి చూశాను. నాయన మాత్రం ఆ మనిషిని చూడలేదు. బావిని చూశాడు. "పనితనం బాగుండాది. చుట్టూరా ఒకే కొలత. కానీ అడుగున తేమ లేదు" అన్నాడు. అవ్వ నిట్టూర్చింది. "నీళ్ళు పడకపోతే ఇట్లాంటి పనే చేసుకోవల్ల పాపం. ఆ పిల్లోని తల్లికి తెలుసునో లేదో." చుట్టూ ఉన్న పల్లెటూరివాళ్ళు అవునవునని తలలూపారు. అంత భయంకరమైన ఆటను చూసి అంతమంది ఒక్కసారిగా దిగులుపడటం ఆ మోటారుసైకిలాయన మరెక్కడా చూసి ఉండడు.

హోటలు గుడారంలో రాతిపలక బల్లలు వేసి ఉన్నాయి. కూర్చున్నామో లేదో సర్వరు, మేము ఏమీ అడగకముందే, నాలుగు గ్లాసుల నిండా నీళ్ళు తెచ్చి ఠక్కున పెట్టాడు. అవ్వ ఉలిక్కిపడింది. మా ఊర్లో ఆ ఎండల్లో దాహమడిగితే, గుమ్మానికి వచ్చినవాళ్ళను బట్టి సగం చెంబో పావు చెంబో ఇచ్చేవాళ్ళం. పక్క బల్లవాళ్ళు రెండు గుటకలు తాగి లేచిపోతే, మిగిలిన నీళ్ళను సర్వరు గుడారం వెనక్కి విసిరికొట్టాడు. "ఏమప్పా, అట్ల పారబోస్తివే" అంది అవ్వ. "ఎంగిలి నీళ్ళవ్వా." "ఎంగిలైతే చెట్టుకు పోయ్. చెట్టుకు ఎంగిలేముంది." ఆ మనిషి చెట్టు కోసం ఎక్కడ వెతకాలో తెలియక లోపలికి పోయాడు. మసాలా దోసె వచ్చింది. మామ దాన్ని ఎలా తినాలో మాకు నేర్పించాడు (ఎవరైనా దోసె తినడం నేర్పించగా చూడటం నాకదే మొదలు). లోపల ఆలుగడ్డ దాచిపెట్టి ఉంటే దాన్ని నేను వేలితో కనుక్కుని, దోసెకు చిల్లు పెట్టినందుకు తిడతారేమోనని మూసేశాను. అవ్వ మూట విప్పి జొన్నరొట్టెలో శెనక్కాయల పొడి పెట్టుకుని తినింది, ఒక రొట్టె సర్వరుకు కూడా ఇచ్చింది. మా నాలుగు గ్లాసుల్లో చుక్క మిగలకుండా తాగించిన తర్వాతే మమ్మల్ని లేవనిచ్చింది. ఆ కడుపుతోనే నేను, మామ రంగులరాట్నమెక్కాము. పైకి పోయినప్పుడు మా ఊరు కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించినంతమేరా ఎర్రనేల, దూరంగా ఒక గుట్ట. కడుపులో దోసె, నీళ్ళు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నా ఆ తొట్టిలోంచి దిగబుద్ధి కాలేదు.

ఇక చివరికని మామ దాచిపెట్టుకున్నది ఫౌంటెన్. పొద్దు వాలుతుండగా దీపాలు వేశారు. మైదానం నడిమధ్యన, గుండ్రటి సిమెంటు కట్ట లోపలి నుంచి, నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు ఎగిరాయి. ఎర్రగా ఎగిరాయి, పచ్చగా మారాయి, నీలంగా పడ్డాయి. మామ చేయి చాపి, "బావా, ఇదీ టౌనంటే. మీ బావిలో చేద మునగదు. ఈడ నీళ్ళను గాలిలోకి ఎగజల్లి ఆడుకుంటాండారు. ఇంకేం ఆలోచన?" అన్నాడు. నాయన ముఖం చూస్తే నిర్ణయం అయిపోయినట్టే ఉంది. నేను అప్పుడే రంగులరాట్నం చుట్టుపక్కల ఇల్లు వెతకసాగాను.

అవ్వ వైపు ఎవరూ చూడలేదు. ఆమె చెప్పులు విడిచింది. మా వైపు బావిలో కొత్తగా నీళ్ళు పడితే గంగమ్మ లేచింది అంటారు. గంగమ్మ లేచినచోట చెప్పులతో నిలబడకూడదు, ఆమెకు తాంబూలం ఇవ్వకుండా ఒక్క చుక్క ముట్టకూడదు. అవ్వ కట్ట దగ్గరికి పోయి, తిత్తిలోంచి ఆకులు తీసి, వక్క పెట్టి, మూటలోని బెల్లం ముక్క పైన పెట్టి నీళ్ళలో వదిలింది. రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "తల్లీ, ఈడ లేచినట్ల మా ఆడ కూడా లెయ్" అంది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒకామె అది చూసి, గబగబా చెప్పులు విడిచి కొప్పులోని పూలు తీసి వేసింది. ఆ తర్వాత చూడాలి. ఆ ఎగ్జిబిషన్‌కు వచ్చినవాళ్ళలో ముప్పాతికమంది బావులెండిన ఊర్లవాళ్ళే. రంగులరాట్నం ఖాళీ అయింది, అద్దాల గది ఖాళీ అయింది. ఫౌంటెన్ చుట్టూ చెప్పులు కుప్పలుపడ్డాయి. ఒక సాయిబు తన మనవడి తల నీళ్ళతో తడిపి ఏదో దువా చదువుకున్నాడు. ఎవరో టెంకాయ కొట్టారు. మేనేజరు విజిల్ ఊదుకుంటూ పరిగెత్తి వచ్చి, "ఇది దేవుడు కాదు, ఫౌంటెన్" అని అరిచాడు. "కావచ్చులే అప్పా, చెప్పులిడిచి చెప్పు" అన్నారు జనం. ఆయన చెప్పులు విడిచి మళ్ళీ చెప్పాడు.

అంతలో నీళ్ళు దగ్గినట్టుగా రెండుసార్లు ఎగిరి, మోకాలెత్తుకు తగ్గి, ఆగిపోయాయి. అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ మొహం పాలిపోయింది. తను మొక్కగానే గంగమ్మ ఆగిపోవడం కంటే అపశకునం ఆమెకు ఇంకేముంటుంది. ఒక మెకానిక్ వచ్చి పక్కన ఇనుపమూత ఎత్తి లోపలికి దిగాడు. నాయన ఆయన వెనకే పోయి, తెల్లపంచె మాసిపోతున్నా లెక్కచేయకుండా బోర్లా పడుకుని కన్నంలోకి చూశాడు. ఎంతసేపటికీ లేవలేదు. ఏవేవో అడుగుతున్నాడు, ఆయన ఏవేవో చెబుతున్నాడు. చివరికి మెకానిక్ ఒక గుప్పెడు తమలపాకులు, పూలు, టెంకాయ పీచు తీసి బయట పడేశాడు. మోటారు గుర్రుమంది, నీళ్ళు మళ్ళీ ఎగిరాయి. జనం మొక్కారు. నాయన మట్టి దులుపుకుంటూ వచ్చాడు.

"అమ్మా, అడుగున ఊట లేదు. సిమెంటు తొట్టి ఉండాది. పొద్దున నీళ్ళబండితో తెచ్చి పోసినారంట. మోటారు పైకి కొడతాది, అవి కింద పడతాయి, మల్ల అవే పైకి పోతాయి."

"అవే నీళ్ళా?"

"అవే."

"పొద్దుటినుంచీ?"

"పొద్దుటినుంచీ."

మోసపోయినందుకు అవ్వకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె ముఖంలో మాత్రం జాలి కనిపించింది. "అయ్యో పాపం. అయితే వీళ్ళకూ లేవన్నమాట. ఉన్న తొట్టెడు నీళ్ళనే ఎగరేసుకొని చూసుకుంటాండారు" అంది. తర్వాత మామ వైపు తిరిగి, మెల్లగా, "దీనికోసమా అప్పా మమ్మల్ని రమ్మనింది? నీళ్ళు లేని చోటు మాకూ ఉండాది. అది మాది" అంది. నాయన పకపక నవ్వాడు. బావి ఎండిన తర్వాత ఆయన అలా నవ్వడం నేను వినలేదు. "ఇంకొక మట్టు తవ్వుతానులేమ్మా" అన్నాడు.

బస్టాండులో నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. రంగులరాట్నం పక్కన ఇల్లు పోయింది మరి. మామ ఊరుకోబెట్టబోయి, "ఏడవద్దులే పాపా. వచ్చే వారం ఎట్లాగూ ఈ ఎగ్జిబిషన్ ఎత్తుకొని బళ్ళారికి పోతాండారు" అన్నాడు. నేను ఏడుపాపి ఆ సంగతి బాగా ఆలోచించాను. "అయితే మనం బళ్ళారికే కాపురం పోదాం నాయనా" అన్నాను. బస్సు కోసం నిలబడినవాళ్ళంతా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు.

నాయన మరుసటి రోజే పార పట్టుకుని బావిలో దిగాడు. రాయి తగిలింది, దాన్ని పగలగొట్టడానికి చాలా కాలమే పట్టింది. శెనక్కాయలు విత్తే అదను కూడా దాటిపోయింది. ఒక మధ్యాహ్నం కిందినుంచి గొంతు వినిపించింది. అమ్మను కాదు, అవ్వను కాదు, నన్ను పిలిచాడు. మెట్లు పట్టుకుని దిగాను. నాయన ఒళ్ళంతా బురద. రాతి సందులోంచి చిటికెనవేలంత సన్నగా నీళ్ళు కారుతూ, ఆయన పాదాల చుట్టూ చేరుతున్నాయి. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు, నేనేమంటానో అని.

నేను వంగి చూశాను. "ఇవి ఎప్పుడు ఎగురుతాయి నాయనా?"

"ఎగరవు పాపా."

"ఎర్రగా?"

"ఎర్రగా కూడా కావు."

"మల్ల ఏం చేస్తాయి?"

"వస్తాంటాయి. అంతే" అన్నాడు నాయన.

అంతేనా అని మూతి ముడుచుకుని, ఆయన్ని అక్కడే వదిలి ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గట్టెక్కి పోయింది. ఆమెను తలచుకుంటే నాకిప్పుడు నవ్వే వస్తుంది, కోపం రాదు. ఒక్కసారి వెనక్కి తిరిగి నాయన ముఖం చూసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. ఆయన ఆ రోజు చీకటి పడేదాకా పైకి రాలేదు. ఊరికే ఆ నీళ్ళలో నిలబడి ఉండిపోయాడని అమ్మ చెప్పేది.