పెద్దావిడ పేరు

ఎనభై దాటాక మా తాతయ్యకు తన తండ్రి చరిత్ర అచ్చు వేయించాలని పట్టుదల పుట్టింది. డిగ్రీ పూర్తయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను కనుక ఆయన చెబుతుంటే రాసే పని నాకు పడింది. ముత్తాత ఆనకట్ట నీళ్ళు వచ్చాక బీడును మాగాణి చేశారట, కాలువల మీద సొంత పడవల్లో ధాన్యం వ్యాపారం చేశారట, తాలూకా బోర్డులో మెంబరై మా ఊరికి రోడ్డు వేయించారట. దేవుడికైనా ఇన్ని సుగుణాలుంటాయా అని లోపల విసుక్కుంటూనే రాశాను.

ఆ ఏడు గోదావరి పుష్కరాలు వచ్చాయి. మాకు రాజమండ్రి దగ్గరైనా తాతయ్య కొవ్వూరులోనే పిండాలు పెడతానని మొండికేశారు. ఎందుకని అడిగితే కసురుకున్నారు. నాన్న, నేను వెంట వెళ్ళాం.

రేవులో పురోహితుడు వరసగా పేర్లు అడుగుతున్నారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి అయ్యాక, "సవతి తల్లి ఉన్నారాండీ?" అన్నారు. అది అందర్నీ అడిగే ప్రశ్నే. నాన్న "లేరండి" అనేశారు.

"ఉన్నారండి," అన్నారు తాతయ్య.

"పేరు చెప్పండి."

తాతయ్య నాన్న వైపు చూశారు. పిండం చేతిలోనే ఉంది. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు.

"పెద్దావిడ అనేవారండి. ఇంట్లో అందరూ అలాగే అనేవారు," అన్నారు చివరికి.

పేరు తెలియకపోతే మనసులో తలుచుకుని పెట్టమన్నారు పురోహితుడు.

తిరుగు బస్సులో తాతయ్య అసలు సంగతి బయటపెట్టారు. ఆవిడ ముత్తాతకు మొదటి భార్య. పిల్లలు కలగలేదని ఆయన రెండో పెళ్ళి చేసుకున్నారు. రెండో ఆవిడకు వరసగా కాన్పులు. తాతయ్యను ఎత్తుకుని, అన్నం పెట్టి పెంచింది పెద్దావిడే. ఆయనకు ఆరేళ్ళప్పుడు, ఇద్దరు ఆడవాళ్ళకూ పడటం లేదని, ముత్తాత ఆవిణ్ణి ధాన్యం పడవలో బస్తాల మధ్య కూర్చోబెట్టి, కొవ్వూరు వైపు పుట్టింటికి పంపించేశారు. పడవ వెంట గట్టు మీద పరుగెత్తానని చెబుతూ తాతయ్య ఏడ్చారు. మళ్ళీ ఆవిణ్ణి చూడలేదట.

ఊరికి రోడ్డు వేయించిన ఆ పెద్దమనిషి మీద నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి దాచి నాచేత భజన రాయించినందుకు తాతయ్య మీద కూడా మండింది.

"పుస్తకంలో పెట్టమ్మా. వంశవృక్షం పేజీలో ముందు వరస ఆవిడదే. పేరు చోటు ఖాళీగా వదులు. ఆ వైపు వాళ్ళెవరైనా చూస్తే చెబుతారు," అన్నారు.

అలాగే అప్పటికే ఉన్న 'భార్య' వరస పైన 'మొదటి భార్య' అని రాసి, పక్కన చోటు వదిలి ప్రెస్సుకు ఇచ్చాను. ప్రూఫులు నేనే దిద్దాను. ముత్తాతను పొగిడిన చోట్ల ఒత్తులు, దీర్ఘాలు ఒకటికి రెండుసార్లు చూశాను.

పుస్తకాల కట్ట ఇంటికి రాగానే తాతయ్య కళ్ళజోడు సర్దుకుని నేరుగా ఆ పేజీ తీశారు. చూసి, పుస్తకం నా చేతికిచ్చారు. ఖాళీ చూసి పొరపాటనుకున్నారేమో, ప్రెస్సువాళ్ళు ఆ వరస తీసేశారు. 'భార్య' అని ఒక్క పేరే ఉంది, తాతయ్య కన్నతల్లిది. ప్రూఫులోనూ అలాగే ఉండి ఉంటుంది. లేని వరస నా కంటికి ఆనలేదు.

ఆయన తిట్టినా బాగుండేది.

"మళ్ళీ పంపించేశారా అమ్మా, ఆవిణ్ణి?" అన్నారు.