మూరెడు జరిపిన బెండు

పదకొండేళ్ళ వయసులో అక్కకి ఓ ఎండాకాలమంతా, మొదట్లో తప్ప, కాలవలో ఒక్క చేపా పడలేదు. అది దాని చేతి మహిమ అన్నారు అందరూ. చేతి మహిమ కాదని ఆ ఇంట్లో తనొక్కడికే తెలుసనుకునేవాడు ఒకడున్నాడు. వాడు ఆమెకన్నా రెండేళ్ళు చిన్నవాడు, సొంత తమ్ముడు.

గాలం దారానికి కట్టిన బెండు ఎక్కడుంటుందో దాన్నిబట్టి కొక్కెం నీళ్ళలో ఎంత లోతుకి దిగాలో తేలుతుంది. ఆ కాలవలో చేపలు అడుగున, బురదకి జానెడు ఎత్తులో తిరిగేవి. ఆదివారం పొద్దున్నే ఇంకా ఎవరూ లేవకముందు తమ్ముడు పిల్లిలా నడవాలోకి వెళ్ళి, గోడకి ఆనించిన అక్క గాలం తీసి, బెండును కొక్కెం వైపు మూరెడు లాగేవాడు. అంతే. ఆ పూటంతా అక్క ఎర పిలవని పేరంటానికి వచ్చినదానిలా నడినీళ్ళలో వేలాడుతూ ఉండేది. చేపలు దాని కిందనుంచి పోయేవి.

ఇంత పని వాడెందుకు చేశాడంటే, ఒక మాట కోసం.

వాళ్ళ నాన్న రెడీమేడ్ బట్టల కార్ఖానాలో మెకానిక్. నలభై కుట్టుమిషన్ల రొద చెవుల్లో నింపుకుని సాయంత్రం ఇంటికొచ్చేవాడు. వారమంతా ఆయన నోటివెంట "ఊఁ", "ఉహుఁ", "ఉప్పు" తప్ప వేరే మాట వచ్చేది కాదు. పిల్లలు ప్రోగ్రెస్ కార్డు తెచ్చినా ఊఁ, జ్వరం తెచ్చుకున్నా ఊఁ. "మీ నాన్న మాటలన్నీ మూటగట్టి ఆదివారానికి దాస్తాడర్రా" అనేది అమ్మ. నిజమే. ఆదివారం మొదటి బస్సెక్కి నలుగురూ ఊరి బయట లాకుల దగ్గర దిగేవాళ్ళు. గాలం కర్రలు కిటికీలోంచి బయటికి పొడుచుకుని ఉండేవి. "సార్, ఆ కర్రలు లోపలికి పెడితే మావాళ్ళ కళ్ళు, బయటికి పెడితే రోడ్డున పోయేవాళ్ళ కళ్ళు. ఎవరి కళ్ళు పొడవాలో మీరే చెప్పండి" అని కండక్టర్ ప్రతివారం అదే మాట అనేవాడు, నాన్న ప్రతివారం కొత్తగా నవ్వేవాడు. బస్సు దిగీ దిగగానే తమ్ముడు ముందు పరుగెత్తి, గట్టు విరిగి నీళ్ళు సుడి తిరిగే మంచి చోటు పట్టుకునేవాడు. అమ్మ గొడుగు వేసుకుని అన్నం కారియర్‌కి కాపలాగా కూర్చునేది. నాన్న నీళ్ళకేసి చూస్తూ ఓ గంట ఊరుకునేవాడు. చెవుల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగుతున్నట్టు ఆయన ముఖం మెల్లగా తేటపడేది. ఆ తర్వాత మాట్లాడేవాడు.

ఆ గంట కోసమే పిల్లలిద్దరూ ఆరు రోజులు ఎదురుచూసేవాళ్ళు.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం అక్కకి వరసగా మూడు చేపలు పడ్డాయి. మూడోది మోచేతంత ఉంది. నాన్న లేచి వెళ్ళి, అక్క నెత్తి మీద చెయ్యి వేసి, "చెయ్యంటే నీదే తల్లీ" అన్నాడు. ఆరు రోజుల మౌనం తర్వాత వచ్చిన మొదటి మాట అది. అది తనది కాదు. తమ్ముడి బుట్టలోనూ రెండు చేపలున్నాయి. వాటికేసి ఎవరూ చూడలేదు. ఆ మాట వాడి అరికాల్లో ముల్లులా దిగింది. తిరుగు బస్సులో అక్క చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, వాడికి బుట్ట మీద కాదు, ఆ నెత్తి మీద కన్ను.

తర్వాతి ఆదివారమే బెండు జరిగింది.

తను పట్టుబడడని వాడికి గట్టి నమ్మకం. నాన్న శనివారం సాయంత్రం గాలాలు కట్టి, బెండు ఉండాల్సిన చోట దారానికి చిన్న ఎర్రపోగు చుట్టేవాడు. ఆపైన మళ్ళీ చూసేవాడు కాదు. "నేను బిగించిన మర మళ్ళీ తడిమి చూసుకునే అలవాటు నాకు లేదు" అని కార్ఖానాలో అనేవాడట. అది ఆయన గొప్ప. ఆ గొప్పే తనకి తాళంచెవి అనుకున్నాడు తమ్ముడు.

అనుకున్నట్టే తమ్ముడి బుట్ట నిండింది, అక్క బుట్ట ఎండింది. కానీ ఒకటి మాత్రం వాడు అనుకున్నట్టు జరగలేదు. నాన్న వాడి వెనగ్గా వచ్చి, బుట్టలోకి తొంగిచూసి, "ఊఁ, బాగుంది, కానివ్వు" అని, తిన్నగా అక్క దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఎందుకండీ అక్కడ, చేపలు ఇక్కడైతే, అని అమ్మ గొడుగు కిందనుంచి అడిగింది.

"చేప పడినవాడికి చేపే తోడు. పడనివాళ్ళకే మనిషి కావాలి" అన్నాడు నాన్న.

ఇక ఆ ఎండాకాలమంతా అంతే. ఇరవై బారల దూరంలో నాన్న గొంతు వినిపించేది, మాటలు వినిపించేవి కావు. నీళ్ళ చప్పుడు వాటిని మింగేసేది. మధ్యలో అక్క పకపకా నవ్వేది. నాన్న చేతుల్తో గాలిలో ఏదో చక్రం తిప్పి చూపించేవాడు. తమ్ముడు చేప మీద చేప లాగుతూ అటే చూస్తూ పళ్ళు నూరేవాడు. బెండు జరపకుండా వదిలేద్దామా అంటే అక్కకి చేపలు పడతాయి, నెత్తి మీద చెయ్యి పడుతుంది. జరిపితే నాన్న దాని పక్కనే ఉంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తను తవ్వుకున్నవే. ప్రతి ఆదివారం పొద్దున్నే నడవాలో నిలబడి ఓ నిమిషం ఆలోచించేవాడు, చివరికి మూరెడు లాగేవాడు. అక్కకి ఏమీ లేకుండా పోవడమే వాడికి అన్నిటికన్నా దగ్గరి సుఖంగా కనిపించేది.

"ఖాళీ బుట్ట" అని అక్కకి పేరు పెట్టింది అమ్మే, సరదాకి. చుట్టాలకి అలాంటి సరదాలు అందితే చాలు, చచ్చేదాకా వదలరు. పెళ్ళి పందిట్లో కూడా ఓ మేనమామ "ఖాళీ బుట్టని జాగ్రత్తగా చూసుకో అల్లుడూ, నింపే బాధ్యత నీదే" అని తన జోక్‌కి తనే కిందపడి నవ్వాడు.

వానలు వచ్చాక కార్ఖానాలో ఆదివారం పని కూడా పెట్టారు. కాలవ ప్రయాణాలు ఆగిపోయాయి. గాలం కర్రలు దోమతెరకి కాళ్ళయ్యాయి. నాన్న మాటల మూట ఇక ఎవరి ముందూ విప్పలేదని తమ్ముడు అనుకున్నాడు. అదీ తప్పే. పదిహేనేళ్ళు వచ్చేసరికి అక్క సెలవు రోజుల్లో కార్ఖానాకి నాన్న అన్నం కారియర్ తీసుకెళ్ళి, సాయంత్రం దాకా తిరిగొచ్చేది కాదు. ఇంటికొచ్చేసరికి దాని చేతులు మిషన్ నూనె వాసన వేసేవి. పంతొమ్మిదో ఏట ఎవరో పాతసామాను వాడికి అమ్మబోతున్న తుప్పు మిషన్ని తెచ్చి, విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, నాలుగో రోజుకి దాని చేత తీరైన కుట్టు వేయించింది. నాన్న ఆ గుడ్డముక్కని జేబులో పెట్టుకుని కార్ఖానా అంతా తిప్పి చూపించాడు.

ఇప్పుడు బజారు వీధిలో, మేడమెట్ల కింద, మనిషి నిలబడితే తల తగిలే కొట్టు ఆమెది. బోర్డు లేదు. "మిషనక్క ఎక్కడ?" అంటే ఎవరైనా చూపిస్తారు. ఆమె పనిచేసే తీరు వేరు. మిషన్ తెచ్చినవాళ్ళని ఏమైందని అడగదు. "తొక్కండి" అంటుంది. వాళ్ళు తొక్కుతుంటే బల్ల చెక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, రోగి గుండె విన్నట్టు వింటుంది. "షటిల్ అరిగింది. బెల్టు మీద కోపం చూపించకండి, పాపం దాని తప్పేం లేదు" అంటుంది. టైలర్లు ఆమె ముందు చేతులు కట్టుకుని బల్లమీద కూర్చుంటారు. పెద్ద షాపుల్లోంచి కూడా మిషన్లు రిక్షాల్లో వస్తాయి.

తమ్ముడు కరెంటాఫీసులో గుమాస్తా. ఫ్యానూ కుర్చీ పింఛనూ ఉన్న ఉద్యోగం, రెండు గదుల సొంతిల్లు, ఇంగ్లీషు బళ్ళో పిల్లలు. "నీకేంరా" అంటారు అందరూ. ఆ మాట విన్నప్పుడల్లా వాడికి ఒళ్ళు మండుతుంది. ఆఫీసులో వాడు సెలవు పెడితే ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, తేడా ఎవరికీ తెలియదు. అక్క ఒక రోజు కొట్టు తెరవకపోతే వీధిలో నలుగురు నిలబడి "ఒంట్లో బాగాలేదేమో" అనుకుంటారు. దారిన పోతూ ఆ నలుగురినీ చూసి, వాడు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయేవాడు.

నాన్న పోయిన వారానికి, చుట్టాలింకా ఇంట్లో ఉండగా, ఓ మధ్యాహ్నం మాటల్లో మాటగా అక్క నాన్న చిన్నప్పటి సంగతి ఎత్తింది. ఆయన పన్నెండేళ్ళప్పుడు ఇంట్లోంచి పారిపోయి, ఓ టైలరు బల్లకింద నెలల తరబడి పడుకున్నాడనీ, పైన మిషన్ ఆడుతుంటే ఆ దడకే నిద్రపట్టేదనీ, అందుకే తర్వాత ఎంత రొదలోనైనా ఆయనకి కునుకు వచ్చేదనీ చెప్పింది. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. తమ్ముడూ విన్నాడు, మొదటిసారి.

"నీకూ చెప్పే ఉంటాడుగా" అంది పిన్ని.

"ఆఁ, చెప్పకేం."

"అయితే ఇంటికి మళ్ళీ ఎలా వచ్చాడట?" అన్నాడు పిన్ని కొడుకు, నిజంగానే తెలుసుకుందామని.

తమ్ముడు గ్లాసులో నీళ్ళు తాగాడు. అయిపోయిన తర్వాత కూడా తాగాడు.

"వాళ్ళమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళిందట. మావాడికి సిగ్గు, తండ్రి పరువు తీయడమెందుకని" అంది అక్క నవ్వుతూ.

తనని కాపాడినందుకు వాడికి దాని మీద ఉన్న మంట రెట్టింపైంది. నా తండ్రి నా కన్నా దానికి ఎక్కువ తండ్రి ఎలా అయ్యాడు? ఎలా అంటే నా చేతులారా, మూరెడు మూరెడుగా. ఆ రాత్రి వాడో నిర్ణయానికి వచ్చాడు. చెప్పేస్తాను. నాన్న నీ పక్కన కూర్చున్నది నీ గొప్ప చూసి కాదు, నీ ఖాళీ బుట్ట చూసి. ఆ ఖాళీ నేను పెట్టిన భిక్ష. ఇది తెలిశాక ఆ ఆదివారాలు దానికి మాత్రం తీపిగా ఎలా ఉంటాయో చూస్తాను. పైకి మాత్రం దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాడు. మనసు తన మురికికి తనే మంచి పేర్లు వెతుక్కుంటుంది.

అలా అక్క కొట్టుకి వెళ్ళి రెండేళ్ళైంది. మళ్ళీ వెళ్ళలేదు. ఆఫీసుకి ఇప్పుడు వెనక వీధిలోంచి వెళ్తున్నాడు.

ఆ రోజు కొట్లో ఎవరూ లేరు. అక్క మిషన్ని పక్కకి పడుకోబెట్టి అడుగు మరలు విప్పుతోంది.

"నీకో సంగతి చెప్పాలి."

"ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటిచ్చి చెప్పు."

ఇచ్చాడు. చెప్పాడు. బెండు, మూరెడు, నడవా, ప్రతి ఆదివారం. "నీ చెయ్యి మంచిదే అక్కా. నేనే పడనివ్వలేదు" అని ముగించి, దాని ముఖం ఎప్పుడు వాడుతుందా అని చూశాడు.

అక్క బాబిన్ కేసులోకి ఉఫ్‌మని ఊదింది. దుమ్ము ఎగిరింది.

"ఎన్నాళ్ళకి నోరు విప్పావురా నాయనా! రెండో వారమే చూశాను. ఎర్రపోగు ఒకచోట, బెండు ఇంకోచోట. దొంగపని కూడా శుభ్రంగా చేతకాదు నీకు."

"మరి ఊరుకున్నావే?"

"ఎక్కడ ఊరుకున్నాను? అక్కడికక్కడే నాన్నకి చెప్పాను."

"నాన్నకి తెలుసా?"

"సరిచేసుకుంటానంటే వద్దన్నాడు. వాడు జరిపాడు, వాడే మానుకుంటాడు, నువ్వు చెయ్యి పెట్టకు అన్నాడు. నేనేమన్నా వెర్రిదాన్నా ఊరికే ఒప్పుకోడానికి? చేపల్లేకుండా కూర్చోవాలంటే నాకు మిషన్ల సంగతులు చెప్పాలన్నాను. సరేనన్నాడు. అక్కడ మొదలైంది ఈ పని."

"నన్నేమన్నాడు? తిట్టాడా?"

అక్క స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. అప్పటిదాకా నవ్వుతున్న గొంతు మారింది.

"తిడితే బాగానే ఉండేది. బస్సు దిగి నువ్వు ముందు పరుగెత్తేవాడివిగా, అప్పుడు నా గాలం తీసి చూసేవాడు. జరిగే ఉండేది. 'వచ్చేవారం జరపడు చూడు' అనేవాడు. వానలొచ్చేదాకా అదే మాట. నోటితో నాకు చెప్పేవాడే గానీ కళ్ళు నీ మీదే. నువ్వు ఎర గుచ్చితే చూడ్డం, చేప లాగితే చూడ్డం. నేనేదైనా అడిగితే రెండుసార్లు అడగాల్సొచ్చేది. నాకెంత కడుపుమంటగా ఉండేదో నీకేం తెలుసురా? ఒక ఆదివారమైతే నిన్ను వెనకనుంచి కాలవలోకి తోసేద్దామని లేచాను కూడా. నాన్నే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు."