అధ్యక్షుడి చేతిగడియారం

యువజన క్లబ్బు అధ్యక్షుడికి నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. చేసేది ట్రాక్టర్ మెకానిక్ పని. బిగుసుకుపోయిన బోల్టునైనా, ఎదురు చెప్పిన మనిషినైనా ఒక్క ఊపులో దారికి తెస్తాడు. కొట్టే ముందు మాత్రం చేతిగడియారం విప్పి జాగ్రత్తగా జేబులో వేసుకుంటాడు. అది చూస్తే చాలు, క్లబ్బులో క్యారమ్స్ ఆడేవాళ్లు బోర్డు వదిలేసి గోడకి అంటుకుపోతారు.

జాతీయ నాయకుడొకాయన పట్నం వచ్చి, క్లబ్బు వాళ్లని అతిథిగృహానికి పిలిపించిన రోజు కూడా ఆ గడియారం జేబులోకి వెళ్లింది. పోయిన వానల్లో క్లబ్బు కుర్రాణ్ణొకణ్ణి మింగిన వాగు మీద వంతెన అడగాలి. అందుకు మాటలన్నీ కూర్చుకుని వచ్చినవాడు సెలూన్ నడుపుకునే అధ్యక్షుడి బావమరిది. తీరా గుమ్మం దగ్గర కాపలావాళ్లు ఒక్కరినే పంపుతామన్నారు.

“నేనెళ్తా బావా, మాట్లాడేది నేనేగా?”

“అధ్యక్షుణ్ణి నేనుండగా నువ్వెవడివిరా?”

మొదటి దెబ్బకి పెదవి చిట్లింది. రెండోదానికి పన్ను ఊడి మెట్ల మీద పడింది. కాపలావాళ్లు మొహం తిప్పుకున్నారు. అధ్యక్షుడు పిడికిలికంటిన నెత్తురు ప్యాంటుకి తుడుచుకుని లోపలికి నడిచాడు.

నాయకుడు నవ్వుతూ భుజం తట్టాడు. “చెప్పు బాబూ, మీ ఊరికేం కావాలి?”

అధ్యక్షుడు గుమ్మం వైపు చూశాడు. ఎలా అడగాలో తెలిసినవాడు బయట నెత్తురు ఉమ్ముతున్నాడు.

“ఒక్క ఫొటో సార్,” అన్నాడు చివరికి.

బయటికొచ్చేసరికి బావమరిది నోటికి తువ్వాలు అదుముకుని లేచి నిలబడ్డాడు. “వంతెన అడిగావా బావా?”

అధ్యక్షుడి గడియారం ఇంకా జేబులోనే ఉంది కాబట్టి విప్పాల్సిన పనీ లేకపోయింది. చెయ్యి లేచింది.