రజియా ఫారం నేను నింపాను

నేను అర్జీలు రాసే మనిషిని. ఉద్యోగంలో నా సీనియారిటీ తప్పుగా వేశారని రాశాను. బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదని రాశాను. ఊరికి మంచినీళ్ళ కోసం ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఒక్కదానికి తప్ప దేనికీ జవాబు రాలేదు. కాగితం అందుకున్న గుమాస్తా మొహం, తల ఎత్తకుండా "ఆడ పెట్టిపో" అన్న అతని మాట, బెంచీ మీద పొద్దంతా కూర్చోబెట్టి సాయంత్రం తాళం వేసుకున్న తీరు, అన్నీ నాకు గుర్తే. మరిచిపోవడం నా వల్ల కాదు.

కానీ ఆ అర్జీలన్నిటిలోనూ ఒక వాక్యం నేను రాయకుండా దాచాను. పదేళ్ళుగా అది లోపల బరువుగా కూర్చుంది. నా మాట ఎవరూ వినలేదని ఇంతగా తగాదా పడేవాణ్ణి, అందరూ వినాల్సిన మాటను నేనే మింగేశాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

ఎనభైల చివర నేను నల్లగొండ జిల్లాలో ఒక మెట్ట ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. సాగర్ కాలువ హాలియా పొలాల దాకా వచ్చేది, మా దాకా రాదు. మాకు ఫ్లోరైడు ఉన్న బోరింగు నీళ్ళే. ఆ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. కొందరికి పన్నెండు, పదమూడేళ్ళకే మోకాళ్ళు లోపలికి వంగేవి.

హైస్కూలు పిల్లల ఆరోగ్యం మీద సర్వే అని ఒకటి వచ్చింది. పిల్లలు తమ చేత్తో ఒక ఫారం నింపాలి. గదవ ఛాతీకి ఆనుతుందా? చేతులు మెడ వెనక్కి పోతాయా? గొంతుకూర్చుని లేస్తే నొప్పి ఉందా? దేనికైనా నొప్పి ఉందని రాస్తే ఆ పిల్లను తర్వాత వచ్చే డాక్టర్లకు చూపించాలి. రిజిస్టరులో ఉన్న పేర్లెన్ని, వచ్చిన ఫారాలెన్ని అని కూడా చూస్తారు. మరీ తక్కువ వస్తే ఆ బడిని సర్వేలోంచి తీసేస్తారు.

మొదటి విడతలో మా బడిని తీసేశారు. జిల్లా మీటింగులో అధికారి జాబితా చదువుతూ మా ఊరి పేరు దగ్గర ఆగాడు. "ఏం సారూ, మీ బడిల పిల్లలున్నరా, లేకుంటే అర్జీలకే పాఠం చెప్తున్నరా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న లెక్కల సారు కూడా నవ్వాడు. అతని పంటి సందులో వక్కపలుకు ఇరుక్కుని ఉంది. అది కూడా గుర్తుంది నాకు.

పిల్లలు ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. కాళ్ళు నొప్పులున్న పిల్ల బడికి రాదు. బడికి రాని పిల్ల ఫారం నింపదు. చివరికి బాగున్న పిల్లల ఫారాలే పట్నం చేరతాయి, ఊరంతా బాగుందని వాళ్ళు రాసుకుంటారు. ఈ సంగతి ఆ హాల్లో ఎవరికన్నా ముందు తెలిసినవాణ్ణి నేనే. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

రెండో విడత ఫారాలు వచ్చాయి. పిల్లలు నింపి ఇచ్చినవి రిజిస్టరుతో చూస్తే పదకొండు తక్కువ పడ్డాయి. ఆ సాయంత్రం పిల్లలు పోయాక, స్టాఫ్ రూంలో కూర్చుని ఆ పదకొండూ నేనే నింపాను. మూడు పెన్నులు మార్చాను. నొప్పి ఉందా? లేదు. లేదు. లేదు. "ఉంది" అని రాస్తే డాక్టరు ముందు నిలబెట్టడానికి పిల్ల కావాలి. పిల్లను ఎక్కడినుంచి తేను? ఇంటికి పోయి తేవచ్చు. ఊరు ఎంత పెద్దదని, పదకొండు గడపలు తొక్కలేనా? గడువు రెండు రోజులే ఉందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. రెండు రోజులు చాలవా?

ఆఖరుది రజియాది. తొమ్మిదో తరగతి. ఊరూరా తిరిగి గాజులమ్మే ఖాజా భాయ్ కూతురు. వానలు మొదలైనప్పటి నుంచి బడికి రావడం లేదు. అంతకుముందు మొదటి వరసలో కూర్చునేది. నీళ్ళు కాగబెడితే ఫ్లోరైడు పోతుందా అని ఒకసారి అడిగింది. పోదన్నాను. మరి మీ సైన్సు దేనికి సార్ అంది. నవ్వేశాను. ఆ నవ్వును ఆమె మనసులో పెట్టుకోలేదు. నేనైతే పెట్టుకునేవాణ్ణి. నాకూ నా భార్యకూ పిల్లలు లేరు. ఉంటే ఇట్లాంటి పిల్ల ఉండాలని అనుకునేవాణ్ణి, ఎవరికీ చెప్పకుండా. ఆమె అక్షరాలు కొంచెం ఎడమకు వాలి ఉండేవి. అట్లాగే వాల్చి రాశాను. ఫారం చివర "ఇంకేమైనా చెప్పదలిచారా?" అని రెండు గీతలు ఖాళీగా ఉంటాయి. మిగతా పదింటిలో "ఏమీ లేదు" అని రాసి, ఆమె దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. ఖాళీగా వదిలేశాను. ఆ వదిలేయడం కూడా పెద్ద మంచితనమని అప్పుడు అనుకున్నాను.

డాక్టర్లు జీపులో వచ్చారు. నొప్పి ఉందని రాసినవాళ్ళను తరగతి గదిలో పరీక్ష చేస్తున్నారు. నేను వరండాలో ఉన్నాను. గేటు దగ్గర ఖాజా భాయ్ సైకిలు నెట్టుకుంటూ కనిపించాడు. గాజుల పెట్టె కట్టే కేరియరు మీద రజియా కూర్చుని ఉంది. ఎవరు కబురు చెప్పారో తెలియదు. వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

ఎదురు పోయాను. గేటు దాటనివ్వలేదు.

"డాక్టర్లు వచ్చిండ్రంట గద సార్" అంది రజియా.

"వచ్చిండ్రు. అయిపోయింది."

"జీబు గీడనే ఉన్నది గద సారూ" అన్నాడు ఖాజా భాయ్. "జర చూపెట్టుండ్రి. పొద్దుగాల సంది తయారై కూసున్నది. గీ గాజులు గూడ కొత్తయి కావాల్నన్నది."

"తొమ్మిదోది అయిపోయింది భాయ్. పదోది చూస్తున్నరు. నడుమల పోతే కోప్పడ్తరు."

రజియా నవ్వింది. "మీరు కోప్పడేది సాలదా సార్, వాళ్ళు గూడ కోప్పడాల్నా?"

నేను ఆమె కాళ్ళ వైపు చూడలేదు. చూస్తే ఏమయ్యేదో.

"సరే తియ్యి సార్. వచ్చిన గద, హాజరన్న ఎయ్యుండ్రి. నా పేరు పిలిపిచ్చుకోక ఎన్నొద్దులాయె."

"ఏసిన్లే. ఎప్పుడో ఏసిన."

ఆమె మొహం వెలిగింది. తండ్రి భుజం తట్టి, "జూడబ్బా," అంది. "సారు నన్ను మర్వలేదు."

ఖాజా భాయ్ నాకు సలాం చేశాడు. సైకిలు తిప్పుకుని పోయాడు.

ఆ తర్వాతి మీటింగులో అధికారి మా బడి పేరు మొదట చదివాడు. "గీ సారు పట్టుబట్టిండంటే చేస్తడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నేను సంతోషంగా ఉన్నాను. ఇది కూడా చెప్పాలి. చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

కొన్ని నెలలకు పక్క ఊరి బడిలోంచి ఇద్దరు ఆడపిల్లలను డాక్టర్లు హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయారు. కాళ్ళు సరిచేసి, పట్టీలు వేసి పంపారు. వాళ్ళలో ఒకామెను తర్వాత నల్లగొండ బస్టాండులో చూశాను. చంకలో సంచి పెట్టుకుని బస్సు వెంట పరుగెత్తుతోంది. బస్సు దొరికింది కూడా. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది, నేను అక్కడే నిలబడ్డాను. రజియాను చూస్తే వాళ్ళు తీసుకుపోయేవారా? ఏమో. వయసు దాటిందనేవారేమో, వంకర ముదిరిందనేవారేమో. ఆ "ఏమో"ను ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పినా అది నా పక్కకు రాదు. చూడనివ్వనిది నేను.

మంచినీళ్ళ పైపు ముందు పక్క ఊళ్ళకు వచ్చింది. మాకెందుకు రాలేదని అర్జీల మీద అర్జీలు పెట్టాను. నాకు అందిన ఒకే ఒక్క జవాబు అప్పుడే వచ్చింది. మీ బడి పిల్లల్లో చెప్పుకోదగ్గ బాధలేవీ లేవని సర్వేలో తేలింది, మీ వంతు వచ్చినప్పుడు చూస్తాం అని. ప్రతి కాగితానికీ తిరిగి కాగితం రాసేవాణ్ణి, దానికి మాత్రం రాయలేకపోయాను. అందులో ఉన్నవి నా మాటలే.

ఖాజా భాయ్ ఇల్లు అమ్ముకుని ఆత్మకూర్ వైపు వెళ్ళాడని విన్నాను, కృష్ణా నది దగ్గర నీళ్ళు మంచివని. ఒకసారి బస్సెక్కి వెళ్ళాను. బస్టాండులో చాయ్ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి గాజుల దుకాణాలన్నీ తిరిగి అడిగాను. తెలియదన్నారు. ఆ పేరున తెలిసిన చిరునామాలకు నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. మిగతా పదిమంది ఊళ్ళోనే ఉండిపోయారు. ఎదురైతే వాళ్ళు నమస్తే పెట్టేవారు. నేనే తల దించుకునేవాణ్ణి.

ఇప్పుడు భువనగిరి దగ్గర పనిచేస్తున్నాను. కిటికీలోంచి కోట గుట్ట కనిపిస్తుంది, బడి బాగుంది, నల్లా నీళ్ళున్నాయి. నాకు మాత్రం ఆ పాత బడిలోని రేకుల గదే కావాలనిపిస్తుంది. వాన రేకుల మీద పడి పాఠం వినిపించకపోతే, రజియా ముందుకు జరిగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేది. ఆ చెయ్యి కావాలనిపిస్తుంది. ఆమెకిప్పుడు పాతికేళ్ళుంటాయి. ఎట్లా ఉంటుందో ఊహించబోతే మెడ దాకా వస్తుంది, భుజాలు, చేతులు, కొత్త గాజులు. అంతకంటే కిందికి ఊహ దిగదు.

క్షమించమని అడగడం లేదు. అడిగే హక్కు ఉందో లేదో తెలియదు. రాసేశాను, అంతే. చేయి కొంచెం తేలికైంది.

రజియా, ఇది ఎవరన్నా నీకు చదివి వినిపిస్తే, లేక నువ్వే చదివితే, నాకు ఒక కార్డు ముక్క రాయి. తిట్టు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. ఇన్నేళ్ళూ ఎవరెవరినో జవాబులడిగాను, ఇవ్వకపోయినా బతికాను. నీ దగ్గర మాత్రం ఊరుకోను. నడుస్తున్నావా లేదా, ఆ ఒక్క సంగతి నాకు చెప్పు.