గళ్ళు గీసిన వరద

కథ చెప్పే ఆటలో గళ్ళూ వంతులూ పెడితే కథ చచ్చిపోతుందని మా మరిది ఇప్పటికీ అంటాడు. నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కాకినాడలో ఇంజనీరింగు చదువుతూ ఆ ఆటను జిరాక్సు కాగితాల్లో ధవళేశ్వరంలోని మా ఇంటికి తెచ్చాడు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, "నేనిలా చేస్తాను" అని చెబుతూ పోతారు. అది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు వసారాలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. కథ నడిపేది మరిది. ఆడేది అతని క్లాసు స్నేహితుడు, మా ఆడపడుచు, నేను.

నా చదువు పదో తరగతితో ఆగింది. కడియంలో ఒక నర్సరీలో మొక్కల లెక్క చూసేదాన్ని. లారీలో ఎన్ని మొక్కలు పడతాయో, దారిలో ఎన్ని వాడిపోతాయో చూసి చూసి నేర్చుకున్న లెక్కలే నావి. అందుకేనేమో, ఆ ఆటలో నాకు ముందుగా కనిపించింది కథ కాదు, ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారన్నది.

మా ఆడపడుచుకు నత్తి. మొదటి అక్షరం దాటడానికి కాస్త వ్యవధి కావాలి, అంతే. కథలో ఆమె పడవ సరంగు. గోదావరి పొంగింది, పడవ ఆనకట్ట వైపు కొట్టుకుపోతోంది. "లం... లం..." అని ఆమె లంగరు మాట ఎత్తుకునేలోపే స్నేహితుడు తనే లంగరు వేసేసి, ప్రయాణికుల చేత జేజేలు కూడా కొట్టించుకున్నాడు. మరిది పరీక్ష అట్ట చాటున పాచిక వేసి, "గెలిచావురా!" అన్నాడు.

ఆమె తన కాగితం మడిచింది. "నే... నేనింక ఆడన్లే వదినా. మీ... మీరాడుకోండి."

ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోకి వెళ్ళిపోయే పిల్ల. నలుగురిలో కూర్చుని నోరు తెరిచింది ఆ చాప మీదే. అదీ పోతే ఇంకెక్కడా తెరవదని నాకు తెలుసు.

లేచి సుద్దముక్కతో గచ్చు మీద వరసగా పది గళ్ళు గీశాను. నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు తెల్లబడేదాకా గచ్చుకేసి అరగదీశాను.

"అదేంటి వదినా, అష్టాచెమ్మా ఆడతావా?" అని నవ్వాడు మరిది.

"అందులోంచే తెస్తున్నా. వంతులు చుట్టూ తిరగాలి. వంతున్నవాళ్ళు చెప్పి పిక్కలు వేసేదాకా మిగతావాళ్ళు నోళ్ళు మూసుకోవాలి. పిక్కలు అందరి ముందూ పడాలి. చాటున వేస్తే దాన్ని తొండి అంటారు."

"మరి ఆ గళ్ళేంటండీ అక్కగారూ?" అన్నాడు స్నేహితుడు.

"వరద. చుట్టుకో గడి ఎక్కుతుంది. పదో గడికి పడవ పోయినట్టే."

మరిదికి కోపం వచ్చింది. "ఎప్పుడు ముంచుతుందో ముందే చెప్పేస్తే ఇంక భయమేముంటుంది? కథంటే మొక్కల లెక్క కాదు వదినా!"

"గోదారి గట్టున పుట్టి ఆ మాటంటావేంటి? ఆగస్టులో జనం ఆనకట్ట దగ్గరకెళ్ళి చూసేది నీళ్ళనా, గేజీ మీద అంకెనా? రెండో హెచ్చరిక దాటిందంటేనే కదా అత్తయ్యగారు బియ్యం అటకెక్కించేది!"

అతను అట్టను పక్కన పెట్టాడు. నేను పాచికనూ తీయించి, దాని చోట పిక్కలే పెట్టాను. పాచిక మీద ఏ అంకైనా పడే వీలు ఒకటే. నాలుగు పిక్కలు అలా కాదు. అవి పడే తీరులు పదహారు. అందులో ఆరు తీరుల్లో రెండు పడుతుంది; నాలుగూ తెల్లగా పడే చెమ్మా ఒక్క తీరులోనే, నాలుగూ నల్లగా పడే అష్టా ఒక్క తీరులోనే. మామూలుగా ఏం పడుతుందో ఊహించి ఎత్తు వేయొచ్చు. అరుదైనది పడితే వసారా అదిరేలా అరవొచ్చు.

మళ్ళీ మొదలుపెట్టాం. నీరు తొమ్మిదో గడిలో ఉండగా మా ఆడపడుచు వంతు వచ్చింది. స్నేహితుడు నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అందరం ఆ మిగిలిన ఒక్క గడినే చూస్తున్నాం.

"వెనక కట్టిన కొ... కొబ్బరికాయల పడవ తాడు కో... కోసేస్తా. బ... బరువు తగ్గుతుంది."

"అందులో నేనున్నానండీ బాబూ!" అని లబలబలాడాడు, అంతకుముందు వంతులోనే ఆ పడవలోకి దూకిన స్నేహితుడు.

"ఈ... ఈదుకురా."

మరిది పడీపడీ నవ్వాడు. మూడో ఆ పైనో పడితే పడవ బతుకుతుందన్నాడు. ఆమె పిక్కలు వేసింది. రెండు.

ఆమె ముఖం చూసి మరిది మెత్తబడ్డాడు. "పోనీలేవే, ఈసారికి మళ్ళీ వెయ్యి."

ఆమె పిక్కల్ని గుప్పిట్లోకి లాక్కుంది. "వద్దు. తొం... తొండి వద్దన్నయ్యా. నా... నా వంతులో పడింది. నా పడవ. ము... మునగనీ."

పదో గడిని తనే సుద్దతో నింపింది. తర్వాత ఆ పడవ ఎలా మునిగిందో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. ఎవరూ అడ్డు రాలేదు, మా మరిదితో సహా.