మేడమీది గదికి రెండో తాళంచెవి

అశోక్‌నగర్‌లో మా మేడమీది గదిని గ్రూప్స్‌కి చదువుకునే ఒక అమ్మాయికి అద్దెకిచ్చాను. మా వైరింగు పాతది కాబట్టి హీటరూ స్టవ్వూ లాంటివేవీ పెట్టకూడదని షరతు. షరతు పెట్టి ఊరుకుంటే నేను ఇంటి ఓనర్ని ఎలా అవుతాను? ఆదివారం ఆ పిల్ల చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లగానే, కుళాయి కారుతోందేమో చూసే నెపంతో, రెండో తాళంచెవితో తలుపు తీసేదాన్ని. మంచం కిందికి వంగి చూసేదాన్ని. ఏ సీసాలో ఏ పచ్చడుందో, ఏ పుస్తకం ఇంకా తెరవలేదో నాకు తెలిసిపోయేది.

ఒక ఆదివారం మంచం కింద కరెంటు కెటిల్ దొరికింది. అబద్ధమెందుకు, భలే సంతోషమేసింది. సాయంత్రం పిలిచి, కెటిల్ చూశానని చెప్పి, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాను.

“పరీక్ష నెత్తి మీదున్నది ఆంటీ. ఈ టైంల కొత్త రూం ఏడ దొరుకుతది?” అంది. నేను మెత్తబడలేదు.

ఆ వారమే, జ్ఞాపకాలు టైపు చేసుకుందామని నారాయణగూడలో లాప్‌టాప్ కొన్నాను. ఇంటికి తెచ్చి, ఉన్నవన్నీ దానికి తగిలించానో లేదో తెర మూల నుంచి చిన్న చీటీ పైకి లేచింది. నా పాత ప్రింటరు, పెన్‌డ్రైవు, చార్జింగుకి తగిలించిన ఫోను, అన్నిటి పేర్లూ వరసగా రాసి, ఈ జాబితా కంపెనీకి పంపేశాం అంది. ఒళ్లు మండింది. షాపుకి ఫోన్ చేశాను.

“అది సిస్టమ్‌తోనే వస్తది మేడమ్. ఏమేం మిషిన్లున్నయో చూస్కుంటది. మీ మంచికే.”

“మంచికైతే అడిగి చూడొచ్చుగా?”

“అందరికీ గట్లనే ఉంటది మేడమ్.”

ఇక మిగిలింది మేడమీది పిల్లే. ఖాళీ చెయ్యమన్న నోటితోనే సాయం అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాను. వచ్చి కూర్చుంది.

“ప్రింటర్ నడవాలంటే అది ఉన్నదని సిస్టమ్‌కి తెల్వాలె ఆంటీ. గంతవరకు ఉంచుత. మిగతాది తీసెయ్యాల్నా?”

“తీసెయ్యి! నా ఇంట్లో ఏముందో నన్నడక్కుండా వెతకడానికి అదెవరు?”

ఆ పిల్ల తలెత్తి చూసింది. నవ్వాపుకుంటోందని పెదవులే చెబుతున్నాయి. నా చెవులు వేడెక్కాయి. రెండో తాళంచెవి అప్పుడు నా కొంగునే ఉంది.

“ముందే ఒక మాట అడిగితే ఉంచుకుందురా ఆంటీ?”

“అడిగితే ఆలోచించేదాన్ని,” అన్నాను, గొంతు తగ్గించి.

మరుసటి ఆదివారం ఆ పిల్ల గదిలో ఉండగానే వెళ్లి తలుపు తట్టాను. రావచ్చా అని అడిగాను.

“జర ఆగుండ్రి ఆంటీ!”

లోపల ఏదో మూత పడింది, ఏదో మంచం కిందికి జరిగింది. మెట్ల మీద బుద్ధిగా నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. చదువుకునే టేబుల్ మీద రెండు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది. ఎక్కడ కాచావని నేను అడగలేదు. పరీక్షయ్యేదాకా ఎక్కడికీ వెళ్లొద్దని చెప్పి, తాళంచెవి ఆ పిల్ల పుస్తకం మీద పెట్టాను. టీలో చక్కెర తక్కువైందని మాత్రం అనకుండా ఉండలేకపోయాను.