తేదీల వరస

ఎనభైల మొదట్లో తిరుపతిలో కూర్చుని నేను హిందూ మహాసముద్రం మీద పరిశోధన చేసేవాణ్ణి. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది మద్రాసులో రెండే రెండుసార్లు. రెండు పెద్ద దేశాల యుద్ధనౌకలు ఆ నీళ్లలోకి ఎందుకు వచ్చాయన్నది నా సిద్ధాంత వ్యాసం. మొదటి దేశం వచ్చింది కాబట్టే రెండోది వచ్చిందని నా వాదన. అందుకోసం పేపర్ కటింగులు కోసి, అంచున తేదీ రాసి, అంశాలవారీగా కట్టలు కట్టి బీరువా పక్కన పేర్చుకున్నాను.

మా నాయన గుడి ఆఫీసులో రికార్డులు చూసి రిటైరైన మనిషి. ఊరికే కూర్చోలేరు. నేను మద్రాసు లైబ్రరీకి వెళ్లి వారం తర్వాత వచ్చేసరికి నా కట్టలన్నీ విప్పేసి, ప్రతి కటింగుకూ చిల్లు పొడిచి, దారం గుచ్చి ఫైళ్లు చేసి పెట్టారు.

"అంతా కలగాపులగంగా ఉండాదప్పా. ఆఫీసులో ఇట్టా పెడితే మెమో ఇస్తారు. అన్నీ తేదీల వరసన పెట్టినాను సూడు" అన్నారు సంబరంగా.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇదేమన్నా నీ ఆఫీసనుకున్నావా నాయనా? రెండేళ్ల కష్టం గంగలో కలిపినావు. తెలీని వాటి జోలికి ఎందుకు పోతావు?" అని వీధిలోకి వినపడేలా అరిచాను.

ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "తెలీక చేసినాను లేప్పా" అన్నారు. ఆ పూట అమ్మ నా ముందు కంచం పెట్టేసి, వెళ్లి నాయన పక్కన కూర్చుంది.

మళ్లీ కట్టలు కట్టడానికి కూర్చున్నాను. మూడో ఫైలులో చెయ్యి ఆగిపోయింది. రెండో దేశం నౌకలు వచ్చినట్టు చిన్న వార్త. నాయన పెట్టిన తేదీల వరసలో అది మొదటి దేశం వార్త కంటే ఐదు నెలల ముందుంది! దాన్ని ఓడరేవుల కట్టలో పడేసి మరచిపోయింది నేనే. వెతికితే అలాంటివి ఇంకో నాలుగు దొరికాయి. నా వాదన తలకిందులైంది.

"ఇది చూసుకోకుండా పంపి ఉంటే పరీక్షకులు తిప్పి పంపేవాళ్లు. ఎవరు పట్టుకున్నారు?" అని ఆ కటింగులు చూసి అడిగారు నా పరిశోధన గైడు.

"నేనే సార్" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అధ్యాయం తిరగరాశాను, డిగ్రీ వచ్చింది, అదే యూనివర్సిటీలో ఉద్యోగమూ వచ్చింది. నాయనతో మాత్రం నిజం చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున వచ్చిన పేపరును మడత విప్పకుండా నా బల్ల మీద పెట్టేవారు. నేను కత్తిరించుకోవడం అయ్యాక, బొక్కలు పడ్డ ఆ కాగితాలు తీసుకుని మిగిలింది చదువుకునేవారు.